పెరిందేవమ్మ తోటలో పేరు తెలియని చెట్టు

అనగనగా, ఏటి ఒడ్డున, వరికి బదులు పువ్వులే పంటగా పండించుకునే ఒక ఊళ్ళో పెరిందేవమ్మ అనే పెద్దావిడ ఉండేది. కొండమీద వెలసిన పెరుమాళ్ళకు నిత్యం మాలలు కట్టి ఇచ్చే వంశం వాళ్ళది. ఇంటి వెనకాలే తోట. తోటనిండా పొగడలు, పారిజాతాలు, సంపెంగలు, నందివర్ధనాలు. తూర్పు దిక్కున మల్లెపాదులు. తెల్లవారుజామున ఆ తోటలో అడుగుపెడితే, తల్లీ, కళ్ళు మూసుకుని ముక్కుతోనే దారి చూసుకోవచ్చు.

పొగడపువ్వునూ పారిజాతాన్నీ కొమ్మ నుంచి కోయరు. అవి తమంతట తామే రాలాలి. రాలినవాటిని మట్టి అంటకుండా ఏరుకోవాలి. అందుకని పెరిందేవమ్మ రోజూ పొద్దు వాలకముందే చెట్ల కింద ఊడ్చేది. మొదలు దగ్గర లేచిన పిలకల్ని గోటితో గిల్లేసేది. ఆ తర్వాత ఎర్రమట్టీ పేడా కలిపి, ఒక్కో చెట్టు చుట్టూ గుండ్రంగా అలికేది. రాత్రంతా పువ్వులు ఆ అలుకు మీద రాలేవి. ఉదయం చూస్తే, ముత్యాలు ఆరబోసిన పళ్ళెంలా ఉండేది ప్రతి చెట్టు పాదమూ.

ఆ తోటలో మల్లెపాదుల పక్కన ఒక చెట్టు మాత్రం వేరుగా ఉండేది. దాని ఆకు తాకితే పిల్లి నాలుకలా గరుకు. ఆకు కాడ దగ్గర ఒక చెంప పెద్దది, ఒక చెంప చిన్నది. తుంచితే తెల్లని పాలు కారేవి. గొడుగు పట్టినట్టు దట్టంగా పెరిగింది. అంత పెరిగినా ఒక్క పువ్వు పూయలేదు, ఒక్క కాయ కాయలేదు. దాని పేరేమిటో ఊళ్ళో ఎవరికీ తెలియదు.

దాన్ని తెచ్చినవాడు పెరిందేవమ్మ భర్త అళహసింగరయ్య. అడవికొండల్లో స్వామి దర్శనానికి వెళ్ళి, తిరిగి వస్తూ తడిగుడ్డలో చుట్టి ఒక చిన్న మొక్కను తెచ్చాడు. "ఏం మొక్కండీ ఇది?" అని ఆమె అడిగింది. "ముందు నీళ్ళు పొయ్యి. పేరు తర్వాత చెబుతాను" అని ఆయన నవ్వాడు. ఆ వానాకాలంలోనే ఆయనకు విషజ్వరం వచ్చింది. పేరు చెప్పకుండానే పోయాడు.

అప్పటినుంచి పెరిందేవమ్మ ఆ చెట్టుకు నీళ్ళు పోస్తూనే ఉంది. మిగతా చెట్లకు అలికినట్టే దానికీ అలికింది. నిజం చెప్పాలంటే దానికి ఇంకొంచెం ఎక్కువే అలికింది. ఎప్పుడో ఒకనాడు పూస్తుందనీ, ఆ రాలిన పువ్వు మట్టిపాలు కాకూడదనీ ఆమె ఆశ.

ఇలా ఉండగా ఒక ఏడాది వసంతోత్సవం వచ్చింది. ఆ రోజుల్లో స్వామికి వేసే మల్లెమాల మెడ నుంచి మోకాళ్ళ దాకా జీరాడాలి. అది ఆ ఇంటి మర్యాద. ఆ ఏడు మాల నడుం దగ్గరే ఆగిపోయింది. మల్లెలు లేవు. పేరు తెలియని చెట్టు నీడ పాదుల మీద పరుచుకుని, ఎండ తగలక మల్లెతీగలు మొగ్గ తొడగలేదు.

పెరిందేవమ్మ కొడుకు వరదయ్య కొండ దిగి వచ్చి, ఉత్తరీయం దండెం మీద వేసి, తల్లి ఎదురుగా కూర్చున్నాడు. అప్పుడు అన్నాడు.

"అమ్మా, ఆ చెట్టు తీయించేస్తాను. తొలకరి పడేలోగా తీస్తే కొత్త పాదులు వేసుకోవచ్చు."

"మీ నాన్నగారు తెచ్చిన చెట్టు, నాయనా."

"నాన్నగారు కట్టిన మాలకు కొలత ఉందమ్మా. ఆ కొలత ఈ ఏడు తప్పింది. నాకు రెండూ నాన్నగారివే." అతను చెట్టువైపు చెయ్యి చూపించాడు. "అది రావిచెట్టో మేడిచెట్టో అయితే నేను గొడ్డలి పట్టను, ఎవరినీ పట్టనివ్వను. దేవతల చెట్లు అవి. కానీ ఇది ఏమిటో చెప్పేవాళ్ళే లేరు కదా. పేరు చెప్పించు, తల వంచుకుని వెళ్ళిపోతాను."

వరదయ్య చెడ్డవాడు కాదు తల్లీ. అతను చెప్పిందాంట్లో అబద్ధమూ లేదు. 

అందుకే పెరిందేవమ్మ ఆ చెట్టు పేరు చెప్పగలవాళ్ళను వెతకడం మొదలుపెట్టింది.

మొదట కొండమీద అర్చకులు, ఆమెకన్నా వయసులో పెద్దవారు, తిరువడిగారు వచ్చారు. ఆయన చెట్టు చుట్టూ ప్రదక్షిణంగా తిరిగారు. ఆకు తుంచి పాలు చూశారు. "పాలున్న చెట్టే. హోమానికి సమిధలిచ్చే కులంలోదే అయి ఉండాలి. అయితే మేడికి ఆకు నునుపు, కాయలు మానుకే గుత్తులుగా వేలాడతాయి. దీనికి కాయేదీ?" అన్నారు.

"లేదండీ."

"కాయ కనిపిస్తే కబురు చెయ్యి, అమ్మాయీ. పేరు చెబుతాను. అందాకా దీని మొదలు పవిత్రంగా ఉంచు. అలుకు మానకు."

అప్పుడు పెరిందేవమ్మ ఇంకాస్త మందంగా అలికింది.

ఆ తర్వాత వైద్యుడు గురవయ్య వచ్చాడు. ఆయన ఏ చెట్టునైనా నాలుకతో పలకరించే మనిషి. బెరడు గీరి నమిలాడు. ఆకు గోళ్ళ మీద రుద్దుకున్నాడు. గోళ్ళు నున్నగా మెరిశాయి. "వగరు బానే ఉంది. దెబ్బకు కట్టు కట్టవచ్చు" అన్నాడు.

"పేరండీ?" అంది పెరిందేవమ్మ.

"పేరుకేముందమ్మా, కాయ కోసి చూస్తే గింజ చెబుతుంది. కాయ లేని చెట్టును నేనేమని పిలవను? మొదట్లో పిలకలు మాత్రం లేవనివ్వకండి. బలమంతా అవే లాగేస్తాయి."

అప్పుడు పెరిందేవమ్మ పిలకల్ని ఇంకాస్త శ్రద్ధగా గిల్లేసింది.

ఆ తర్వాత వడ్రంగి బ్రహ్మయాచారి వచ్చాడు. ఆయన మానుకు చెవి ఆనించి, పిడికిలితో కొట్టి విన్నాడు. "మెత్తటి కర్ర తల్లీ. దూలానికి రాదు, ద్వారబంధానికి రాదు. ఉలి పెడితే వెన్నలా దిగిపోతుంది."

"పేరు చెప్పవయ్యా అంటే పనికిరాదని చెబుతావేం?"

"నా దగ్గరకు వచ్చేసరికి చెట్టుకు పేరుండదమ్మా, పనే ఉంటుంది" అని ఆయన నవ్వాడు. వెళ్ళబోతూ పాదం వైపు చూసి, "ఎంత బాగా అలికారు! మా ఇంటి గచ్చు కూడా ఇంత గట్టిగా లేదు" అని మెచ్చుకుని వెళ్ళాడు.

ఆ సాయంత్రం అత్తాకోడళ్ళిద్దరూ అరుగుమీద కూర్చుని మాలలు కడుతున్నారు. కోడలి పేరు తాయారు. నోరు కొంచెం చురుకు, చెయ్యి అంతకన్నా చురుకు.

"అత్తయ్యా, ఒక మాటంటే కోపగించుకోరు కదా?"

"అనకముందే కోపం ఎక్కడినుంచి తేను? అను."

"మామగారికి కూడా ఆ చెట్టు పేరు తెలియదేమో."

పెరిందేవమ్మ చేతిలో దారం ఆగింది.

"తెలియనిదాన్ని తెలియదనడం మగవాళ్ళకు ఎక్కడ వచ్చును? రేపు చెబుతానంటారు. మీ అబ్బాయినే చూడండి. కొండమీదికి కొత్త దారి వేస్తున్నారట, ఎటువైపు నుంచి అని అడిగాను. తర్వాత చెబుతానన్నాడు. ఇంతవరకూ చెప్పలేదు."

పెరిందేవమ్మకు కోపం రావలసింది. కానీ మొక్క తెచ్చిననాటి భర్త నవ్వు గుర్తొచ్చింది. పేరు తెలిసినవాడి నవ్వా అది, తెలియనివాడి నవ్వా? ఇన్నేళ్ళూ ఆమె ఆ సంగతి ఆలోచించనేలేదు. ఆయనకు తెలుసుననీ, తనకు చెప్పకుండా వెళ్ళాడనీ లోలోపల చిన్న అలక ఒకటి మోస్తూ వచ్చింది. ఇప్పుడు ఆ అలక ఎక్కడ దించుకోవాలో తెలియక, "మొగ్గలు సరిగా పట్టి కట్టు. కాడలు బయటికొస్తున్నాయి" అంది.

మర్నాడు వరదయ్య చెట్టు కొట్టేవాళ్ళకు కబురు పెట్టాడు. ముగ్గురు పెద్దలు చెప్పలేని పేరు ఇంకెవరు చెబుతారు? పెరిందేవమ్మ అడ్డు చెప్పలేదు. కాని ఆ సాయంత్రం మిగతా చెట్లన్నిటికీ అలికి, ఆ చెట్టు దగ్గరకు వచ్చి ఆగిపోయింది. పోయేదానికి అలుకెందుకు అనుకుంది. పేడతట్ట పట్టుకుని వెనక్కి వచ్చేసింది. ఆ తర్వాతి రోజూ వెళ్ళలేదు. ఆ తర్వాత అటు చూడటమే మానేసింది. నీళ్ళు మాత్రం తాయారు పోసేది.

చెట్లు కొట్టేవాళ్ళు పక్క ఊరి పనిలో చిక్కుకుని వెంటనే రాలేదు. వైశాఖం గడిచి జ్యేష్ఠం వచ్చింది. ఎండలకు ఆ చెట్టు కింది అలుకు పెచ్చులుగా లేచింది. నీళ్ళు పడి పెచ్చుల కింద మట్టి గుల్లబారింది. అక్కడ గడ్డి మొలిచింది. ఎండుటాకులు పడ్డవి పడ్డట్టే ఉన్నాయి. అందంగా అలికిన తోటలో ఆ ఒక్కచోటే తల దువ్వుకోని పిల్లలా ఉంది.

అప్పుడు మొదట చీమలు వచ్చాయి. మల్లెపాదుల గట్టు మీదుగా బారులు తీరి ఆ చెట్టు మొదట్లోకి పోతున్నాయి. పెరిందేవమ్మ చూసింది, పట్టించుకోలేదు.

ఆ తర్వాత పొరుగింటి కోళ్ళు వచ్చాయి. తోటలో ఇంత చోటుండగా అన్నీ అక్కడే చేరి కాళ్ళతో గీరుతున్నాయి. ఆమె వాటిని అదిలించింది. అవి రెండడుగులు పోయి, మళ్ళీ అక్కడికే వచ్చాయి.

ఆ తర్వాత ఒక ఉదయం పొగడపువ్వులు ఏరుతూ ఉంటే ఒక వాసన వచ్చింది. ఆమెకు తోటలో ప్రతి వాసనా తెలుసు. ఏది ఏ చెట్టుదో, ఏది నిన్నటిదో, ఏది ఇవాళ్టిదో కూడా చెప్పగలదు. ఇది వాటిల్లో ఏదీ కాదు. పండిన పండు వాసన, దాని అడుగున తడిమట్టి వాసన. ఆమె పూలసజ్జ కింద పెట్టి ఆ వాసన పట్టుకుని నడిచింది. అది ఆమెను పేరు తెలియని చెట్టు దగ్గరకు తీసుకువెళ్ళింది. పైకి చూసింది. కొమ్మల్లో ఏమీ లేదు. అప్పుడు కిందికి చూసింది.

కోళ్ళు గీరిన చోట మట్టిలోంచి ఒక గోధుమరంగు తీగ బయటికి తేలి ఉంది. సుతిలి తాడులా సన్నగా, ఆకు లేకుండా, మాను అడుగు నుంచి బయలుదేరి నేలలోకి పోయింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో మట్టి తీసింది. తీగ వెంట కాయలు. గోలీలంత ఒకటి, ఉసిరికాయంత ఒకటి, ఇంకా లోపల ఎర్రగా పండి మెత్తబడింది ఒకటి. తీస్తున్నకొద్దీ వస్తున్నాయి. చెట్టు చుట్టూ అంతటా ఉన్నాయి.

పెరిందేవమ్మ ఆ తీగను రెండు వేళ్ళతో పట్టుకుంది. పట్టుకోగానే ఆ వేళ్ళకు తెలిసిపోయింది. ఈ సన్నదనం ఆ వేళ్ళకు కొత్త కాదు. పిలకలనుకుని ప్రతి సాయంత్రం గిల్లి పారేసింది వీటినే.

తాయారు వెతుక్కుంటూ వచ్చేసరికి అత్తగారు మట్టిలో కూర్చుని ఉంది. ఒడినిండా కాయలు.

"ఏమైంది అత్తయ్యా?"

"ఇది ప్రతి ఏడూ కాయబోయింది, తాయారూ. నేనే కాయనివ్వలేదు. గిల్లాను. గిల్లగా మిగిలినవాటి మీద అలుకు మెత్తాను. గొడ్డుచెట్టని లోకమంటే ఏడ్చాను కూడా."

 తాయారు కూడా మట్టిలోనే చతికిలపడి, అత్తగారి చెంపకు అంటిన మట్టిని కొంగుతో తుడిచింది. "మీరు బాగా చూసుకోవాలనే కదా అలికారు" అంది మెల్లగా. కొంగు దోపుకుంటూ, "ఇంకా బాగా చూసుకుని ఉంటే ఎండిపోయేదేమో" అంది. పెరిందేవమ్మకు ఏడుపులోనే నవ్వు వచ్చింది.

సరిగ్గా ఆ రోజే, ఎండ ఎక్కకముందే, చెట్టు కొట్టేవాళ్ళు గొడ్డళ్ళతో వచ్చారు. వరదయ్య వాళ్ళను తోటలోకి తీసుకువచ్చాడు. తల్లి ఒడిలో కాయలు చూసి ఆగాడు.

"ఇవి ఈ చెట్టువే, వరదా. కింద కాసింది."

వరదయ్య ఒక కాయ తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "మట్టిలో కాసింది ఏ దుంపో అయి ఉంటుందమ్మా. మేడి అయితే మానుకు కాయదూ? కాసినా దీని నీడ నీడే కదా." అతని గొంతులో మాత్రం మునుపటి గట్టితనం లేదు.

పెరిందేవమ్మ వాదించలేదు. దారం తెంచే చిన్న కత్తి అతని నడుముకే ఉంది. "కోసి చూడు" అంది.

వరదయ్య కాయను రెండుగా కోశాడు. కోసినచోట పాలు చిప్పిల్లాయి. లోపల చూశాడు. మాలలు కట్టే ఇంట పుట్టిన కళ్ళు కదా, ఆవగింజంత మొగ్గనైనా పోల్చుకుంటాయి. అతను కాయను వెలుతురుకు పెట్టాడు. కాయ లోపలి గోడ చుట్టూ లేతగులాబి రంగులో కేసరాల్లాంటివి, ఒకదానిపక్కన ఒకటి, ఖాళీ లేకుండా, మొహాలన్నీ లోపలికి తిప్పుకుని కూర్చున్నాయి.

"గింజలు కావు ఇవి" అన్నాడు వరదయ్య నెమ్మదిగా. "ఇవి పువ్వులు, అమ్మా."

చెట్టు కొట్టేవాళ్ళు కూడా మెడలు చాచి చూశారు. తాయారు అంది, "ఎవరు కట్టారో కానీ ఒక్క కాడా బయటికి రాలేదు."

అప్పుడు తిరువడిగారికి కబురు వెళ్ళింది. దారిలో కలిసిన గురవయ్యనూ వెంటబెట్టుకుని ఆయన వచ్చారు. గురవయ్య కాయను వాసన చూసి, నాలుకకు తాకించి, "పువ్వును కాయలో దాచుకునేది మేడి కులమే. కొమ్మకు కాసే మేడిని చూశాం, మానుకు కాసే మేడిని చూశాం. ఇది పాదానికి కాసే మేడి. పిలకలు తీసెయ్యమన్న నా నోరు కట్టేసుకోవాలి" అన్నాడు. తిరువడిగారు తల ఊపారు. "మేడే. గొడ్డలి దించండి నాయనా" అన్నారు.

వాళ్ళు గొడ్డళ్ళు దించారు. కానీ వరదయ్యకు ఇంకొక సందేహం మిగిలింది. మట్టి అంటిన పువ్వునైనా స్వామికి పెట్టని ఇల్లు వాళ్ళది. "మట్టిలోపలే పుట్టినదాన్ని ఆరగింపుకు ఎలా తెస్తాం స్వామీ? స్వామికి పనికిరానిది మన తోటలో ఎందుకు?"

తిరువడిగారు జవాబు చెప్పబోయారు. ఈలోగా పెరిందేవమ్మ మాట్లాడింది. ఇంతకాలం ఇతరుల్ని అడుగుతూ వచ్చిన మనిషి, ఆ రోజు తనే చెప్పింది.

"మన గోదాదేవి తల్లి ఎక్కడ దొరికింది, వరదా? పూలతోటలో, తులసి పాదులో, మట్టిలో. ఆవిణ్ణి ఎత్తుకున్నవాళ్ళు మట్టి అంటిందని దించేశారా? స్వామే ఆవిడకోసం చెయ్యి చాచాడు. మనం ఆ తల్లి పేరు చెప్పుకుంటూనే మాలలు కడతాం."

 తిరువడిగారు కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. ఆ తర్వాత అన్నారు, "పేరు నువ్వే చెప్పావు, అమ్మాయీ. ఇది గోదమేడి."

అదీ తల్లీ, ఆ చెట్టుకు పేరు వచ్చిన వైనం.

వరదయ్య ఆ వానలకు మల్లెపాదులన్నీ తవ్వి, పడమటి దడి పక్కన ఎండ ఉన్న చోటుకు మార్చాడు. నాటిన తీగ తేరుకోవాలి కదా, మరుసటి వసంతోత్సవానికి కూడా మాల నడుం దాకానే వచ్చింది. ఊళ్ళో నలుగురూ ఆ మాటే అన్నారు. వరదయ్య తల వంచుకుని విన్నాడు. ఆ పై ఏడు మాల తొడల దాకా వచ్చింది. మోకాళ్ళ దాకా రావడానికి ఇంకా కొంతకాలం పట్టింది. స్వామి తొందరపడలేదు.

ఆ మొదటి రోజు కాయల్లో పండినవి కడిగి కొండమీదికి పంపారు. ఆరగింపు అయ్యాక ప్రసాదంగా తిరిగి వచ్చిన పండును తాయారు అరిటాకులో పెట్టి అత్తగారికి ఇచ్చింది. పెరిందేవమ్మ దాన్ని పట్టుకుని గోదమేడి కిందికి వెళ్ళి, అలకని నేల మీద, ఎండుటాకుల్లో కూర్చుని తింది.

తియ్యగా ఉందా అంటావా? అంత తీపి ఏం కాదు, తల్లీ. కొంచెం వగరు, కొంచెం చప్పన, చివర్లో రవంత మట్టివాసన. ఆమె తొందరేమీ లేకుండా తొక్కతో సహా తింది. తిన్న తర్వాత వేళ్ళకు అంటిన పాలు కూడా కడుక్కోకుండా చాలాసేపు అలాగే కూర్చుంది.

ఇంక కళ్ళు మూసుకో.

కాయ మిగిలె మట్టికి,
కథ కదిలె కంచికి,
కమ్మనైన కునుకు వచ్చె
కన్నతల్లి కంటికి,
కబురులన్ని మూటగట్టి
మనం పోదాం ఇంటికి.